అద్దము క్రింది మీట వ్రేలినెట్లు గుర్తించును?

పలాస ప్రాంతపు ఒక గ్రామమున పింఛను పంపిణీ జరుగుచుండగా నేనచట ఉండుట తటస్థించినది. ముప్పది సంవత్సరములు జీడిపిక్కలు కొట్టి, పప్పు తీసి జీవించిన ఒక వృద్ధురాలి వంతు వచ్చినది. ఉద్యోగి తన చేతిఫోనును ఆమె ముందుంచి, తెరపైనున్న ఒక గడిని తాకుమని కోరెను. ఆమె తాకగనే తెర మారినది. పిదప వ్రేలిముద్రను చదువు చిన్న యంత్రముపై ఆమె అదే వ్రేలినుంచినది. అయిదుసారులుంచినను యంత్రము అంగీకరింపలేదు. అప్పుడామె, "అదేటి బాబూ! ఆ అద్దానికి నా ఏలు తెలిసింది. దీనికి తెలీదేటి?" అని అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి.

ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. నేడు మన గ్రామములలో తాకుడు మీట లేని కార్యాలయము అరుదు. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు ఏర్పడిన నాటినుండి దరఖాస్తులు, పంటల నమోదు, పింఛనులు మొదలగు పనులు పెక్కు ఫోను తెరల మీదనే జరుగుచున్నవి. వంటింటి ఇండక్షను పొయ్యికి సైతము త్రిప్పెడి మర లేదు. నున్నని అద్దముపై గీసిన గుర్తులు మాత్రమే కలవు. ఈ మీటలు ఏ సూత్రముపై పనిచేయునో, ఎచట విఫలమగునో తెలిసియున్నచో, పంచాయతీ సభ్యులు గ్రామమునకు ఉపకరణములు కొనునపుడును, పేదల పని ఆగినపుడును సరియైన ప్రశ్న వేయగలరు.

మనకు తెలిసిన కెపాసిటరు

ఈ మీటకు మూలమైన వస్తువు రైతులకు క్రొత్తది కాదు. వ్యవసాయపు పంపుసెట్టుకు కెపాసిటరు బిగించుకొనవలెనని విద్యుత్ సంస్థవారు చెప్పుచుండుట అందరును విన్నదే. సీలింగు ఫ్యాను తిరుగక మూలిగినపుడు మెకానిక్కు మార్చునది కూడ కెపాసిటరే.

కెపాసిటరు అనగా ఎదురెదురుగనున్న రెండు లోహపు పలకలు, వాని నడుమ విద్యుత్తును పోనీయని ఒక పొర. ఒక పలకకు విద్యుత్తునిచ్చినచో అది పొరను దాటిపోదు. కాని దాని ప్రభావము పొరగుండ ప్రసరించి ఎదుటి పలకపై వ్యతిరేక విద్యుత్తును ఆకర్షించి నిలుపును. ఈ విధముగ రెండు పలకలును కొంత విద్యుత్తును నిలువయుంచుకొనును. ఎంత నిలువయుంచగలదో అది ఆ కెపాసిటరు యొక్క ధారణశక్తి. దానిని ఫారడులలో కొలుతురు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే పేరున ఈ కొలమానము ఏర్పడినది.

ధారణశక్తి మూడు విషయములపై ఆధారపడును. పలకలు వెడల్పైనకొలది అది పెరుగును. పలకల నడిమి దూరము పెరిగినకొలది తగ్గును. మూడవది, నడుమనున్న పదార్థపు స్వభావము. గాలి ఉన్నచోట ఒక వంతు నిలిచినచో, ప్లాస్టిక్కు ఉన్నచోట సుమారు మూడు వంతులు, గాజు ఉన్నచోట సుమారు ఏడు వంతులు నిలుచును. నీటికి ఈ లెక్క సుమారు 80. ఈ మూడు మాటలను జ్ఞాపకముంచుకొనినచో తాకుడు మీట గుణదోషములన్నియు బోధపడును.

వ్రేలు కూడ ఒక పలకయే

తాకుడు మీటలో అద్దము క్రింద ఒక్క లోహపు పలక మాత్రమే అంటించబడియుండును. రెండవ పలకను మనమే తీసికొనిపోవుదుము. అది మన వ్రేలు. మనుష్య శరీరమున ఉప్పు కలిసిన నీరు హెచ్చుగ నుండుటచే అది విద్యుత్తును ప్రసరింపజేయును. శరీరమునకును భూమికిని నడుమ కూడ కొంత ధారణశక్తి కలదు. అందుచేత కాలికి చెప్పులున్నను మీట పనిచేయును.

వ్రేలు అద్దముపై ఆనినంతనే, క్రింది పలక, నడుమ గాజు, పైన వ్రేలు కలిసి ఒక చిన్న కెపాసిటరు ఏర్పడును. వ్రేలికొన ఒక చదరపు సెంటీమీటరు మేర ఆనినదనియు, గాజు మూడు మిల్లీమీటర్ల మందము కలదనియు అనుకొందము. అప్పుడేర్పడు ధారణశక్తి సుమారు రెండు పికోఫారడులు. సీలింగు ఫ్యానులోని కెపాసిటరు సామాన్యముగ రెండున్నర మైక్రోఫారడులుండును. వ్రేలు కలిగించు మార్పు అందులో పన్నెండున్నర లక్షలవ వంతు. ఇంత స్వల్పమైన మార్పును పసిగట్టుటయే ఈ మీట గొప్పదనము.

దీనికి ఒత్తిడితో పని లేదు. ఎంత గట్టిగ ఒత్తినను ప్రయోజనము లేదు. వ్రేలికొన ఎంత మేర ఆనినదన్నదే ముఖ్యము. గోటికొనతో పొడిచినచో మీట పలుకకపోవుటకు కారణమిదియే. పొడి కఱ్ఱపుల్లతో తాకినను పలుకదు. కాని చేతబట్టిన అరటిపండుతో తాకినచో ఫోను తెర పలుకును. పండులోని నీరు మన చేతికిని తెరకును వంతెన అగును. సముద్రముపై వేటకు పోవు మత్స్యకారులు ఫోనును పలుచని ప్లాస్టిక్ సంచిలో నుంచుకొని పైనుండియే నంబరు నొక్కుటయు ఈ సూత్రము వల్లనే సాధ్యమగుచున్నది.

కుంచముతో కొలిచినట్లు

మీట వెనుకనున్న చిన్న చిప్పు ఈ స్వల్ప మార్పును ఎట్లు కొలుచును? ఒక పెద్ద గాదెను కుంచముతో నింపుచున్నామనుకొందము. ప్రతిదినము ఐదువందల కుంచములతో గాదె నిండును. ఒకనాడు నాలుగువందల తొంబదితోనే నిండినది. గాదె మారలేదు గనుక కుంచమే కొంచెము పెద్దదైనదని గ్రహింతుము. ఒక్క కుంచమునందలి భేదము కంటికి కనబడదు. వందలసార్లు కొలిచినపుడది తేలును. అట్లే చిప్పు మీటపలకను విద్యుత్తుతో నింపి, ఆ విద్యుత్తును వేరొక పెద్ద కెపాసిటరులోనికి వంపి, ఎన్ని మారులకు అది నిండునో లెక్కించును. వ్రేలు తాకినపుడు మీటపలక ధారణశక్తి పెరిగి, కుంచము పెద్దదైనట్లగును. లెక్క తగ్గును. సెకనుకు పెక్కుమారులు ఈ కొలత జరుగుచునే యుండును. కొలిచెడి పద్ధతులు వేరు వేరుగ నున్నను సారమిదియే.

ఎండ, తేమ, ధూళి వలన కూడ ఈ లెక్క మెల్లమెల్లగ మారుచుండును. కావున చిప్పు నెమ్మదిగ వచ్చిన మార్పును వాతావరణపు మార్పుగను, హఠాత్తుగ వచ్చిన మార్పును వ్రేలుగను భావించును. యంత్రమును ప్రారంభించిన క్షణమున ఉన్న స్థితినే తాకని స్థితిగ అది గ్రహించును. అందుచేత ఇండక్షను పొయ్యి అద్దముపై తడిగుడ్డ ఉండగా స్విచ్చి వేసినచో లెక్క తప్పవచ్చును. గుడ్డ తీసి, అద్దమును పొడిగ తుడిచి, స్విచ్చి ఆపి మరల వేసినచో తరచు సరిపడును.

ఫోను తెరయందు వేరు వేరు మీటలు లేవు. అద్దము క్రింద కంటికి కనబడని సన్నని వాహకపు గీతలు అడ్డముగను నిలువుగను వల వలె పరచబడియుండును. వ్రేలు ఏ ముడికి సమీపించునో అచట గీతల మధ్యనున్న ధారణశక్తి కొంత తగ్గును. ఆ ముడిని బట్టి వ్రేలు తాకిన చోటు తెలియును.

ఈ విద్య ఎప్పటిది?

విద్యుత్తును గాజుసీసాలో నిలువచేయు ఉపాయమును 1745లో జర్మనుడైన క్లైస్టు, 1746లో హాలెండులోని లైడెన్ నగరపు ఆచార్యుడు ముషెన్‌బ్రూక్ కనుగొనిరి. 1920 ప్రాంతమున రష్యా దేశీయుడు లెవ్ తెర్మెన్, చేయి దగ్గరకును దూరమునకును జరుపుటచే స్వరము మారెడి వాద్యమును నిర్మించెను. దానిని తాకకయే వాయింతురు. 1965లో ఇంగ్లండున ఇ.ఎ. జాన్సన్ అనునతడు విమానముల రాకపోకలను నియంత్రించువారికై వ్రేలి తాకుడుతో పనిచేయు తెరను ప్రతిపాదించెను. జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయమున బెంట్ స్టంపే రూపొందించిన పారదర్శకపు తాకుడు తెరలు 1976 నాటికి ఒక మహాయంత్రపు నియంత్రణశాలలో పనిచేసినవి. 2007 తరువాత ఇవి చేతిఫోనులలో వేగముగ వ్యాపించి, పల్లెలకును వచ్చినవి.

నడుమనున్న పలక ఎట్టిదై యుండవలెను?

రంధ్రము లేని పలక వెనుక దాగియుండుటయే ఈ మీటకు గల గొప్ప మేలు. నౌపడ ఉప్పుమళ్ల చెంతనో, భావనపాడు తీరముననో నివసించువారికి ఉప్పుగాలి చేయు హాని తెలియును. లోహపు స్విచ్చిలోనికి తేమ, ఉప్పు చొరబడి తుప్పు పట్టించును. తాకుడు మీటలో కదలెడి భాగము లేదు, అరుగుట లేదు. పలకను అంచులవెంట బాగుగ మూసినచో ధూళియు, వానయు లోనికి పోవు.

కాని పలక విషయమున జాగ్రత్త వలయును. పైన చెప్పిన మూడు మిల్లీమీటర్ల గాజు స్థానమున అంతే మందముగల ప్లాస్టిక్ పలకనుంచినచో రెండు పికోఫారడులు ఒకటికి లోపుగ పడిపోవును. గాజు అట్లేయుండి, దానికిని క్రింది మీటపలకకును నడుమ ఒక్క మిల్లీమీటరు గాలి సందు ఏర్పడినచో, రెండు పికోఫారడులు సుమారు 0.6కు తగ్గును. జిగురు ఊడి పలక పైకి లేచిన యంత్రము మొండికెత్తుటకు ఇదే కారణము. అట్టి చోట యంత్రమంతయు మార్చనక్కరలేదు. ముందు పలకను సరిగ అంటింపజేసి చూడవలెను. లోహపు పలక మాత్రము పనికిరాదు. బుడితి ఇత్తడి పళ్లెము ఎంత అందమైనదైనను, దానిని మీటలపై కప్పినచో అది వ్రేలిని మరుగుపరచును, లేదా మీటలన్నిటిని ఒక్కటిగ కలిపివేయును.

నీరు, కఱకు చేయి

పలక లోపలికి పోలేని నీరు పలకపైననే చిక్కు తెచ్చును. నీటి ప్రభావము గాలికి 80 రెట్లని చెప్పియుంటిమి. వానజల్లు అద్దముపై పొరగ నిలిచినచో అది నాలుగు మీటలపై ఒకేసారి పరచుకొని వ్రేలి వలె భ్రమింపజేయును. ఉప్పునీరైనచో విద్యుత్తును ఇంకను బాగుగ ప్రసరింపజేయును గనుక చిక్కు హెచ్చును. పలు మీటలు ఒకేసారి పలికినచో దేనిని లెక్కింపక ఊరకుండునట్లు కొన్ని యంత్రములను ఏర్పాటు చేయుదురు. అపుడు యంత్రము చెడిపోయినదని మనము భ్రమపడుదుము. ఆరుబయట నిలుపు యంత్రమునకు చూరు నీడయు, పలకకు నీరు జారిపోవు వాలును ఉండవలెను.

కఱకు చేయి సంగతి ఇందుకు భిన్నము. నాగలి పట్టిన చేతికి, తెడ్డు వేసిన చేతికి కాయ కాచును. ఎండిన దట్టపు చర్మము విద్యుత్తును అంతగా ప్రసరింపనీయదు. అది మరియొక పలక అడ్డుపెట్టినట్లగును. వ్రేలికొనతో గాక వ్రేలి మెత్తని భాగమును పూర్తిగ ఆనించినచో, లేక వ్రేలిని కొంచెము తడిచేసి తుడిచి తాకినచో తరచు పని జరుగును. నాసిరకపు చార్జరుకు తగిలించియున్న ఫోను తప్పుగ పలికినచో చార్జరును తీసి చూడవలెను.

పగిలిన అద్దము విషయమున ఉపేక్ష తగదు. పగులు గుండ నీరు లోనికి దిగవచ్చును. ఇండక్షను పొయ్యి అద్దము పగిలినచో వెంటనే స్విచ్చి ఆపి ప్లగ్గు తీసివేయవలెను. విద్యుద్ఘాతము కలుగు ప్రమాదము కలదు.

తాకుడు వేరు, ముద్ర వేరు

ఇక ఆ వృద్ధురాలి ప్రశ్నకు వత్తము. తాకుడు మీట అడుగు ప్రశ్న ఒక్కటే: "వ్రేలున్నదా, లేదా?" ఎవరి వ్రేలో దానికి తెలియదు. జీడి కాల్చిన వ్రేలైనను, పొందూరు నూలు వడికిన వ్రేలైనను దానికి సమానమే. వ్రేలిముద్ర యంత్రము అడుగు ప్రశ్న వేరు: "ఇది ఎవరి వ్రేలు?"

ఆ ప్రశ్నకు సమాధానము వ్రేలిపైనున్న సన్నని గట్లలోను, గట్ల నడిమి పల్లములలోను ఉన్నది. ముద్రను కొన్ని యంత్రములు కాంతితో చూచును. మరికొన్ని, ముఖ్యముగ కొన్ని ఫోనులలోనివి, ఇదే ధారణశక్తితో చూచును. గట్టు యంత్రమునకు ఆనుకొనును. పల్లము వద్ద గాలి సందు మిగులును. గాలి సందు వలన ధారణశక్తి ఎంత తగ్గునో ఇంతకుముందే చూచితిమి. ఆ హెచ్చుతగ్గులే ముద్ర చిత్రమగును.

జీడిపిక్క పెంకులోని నూనె చర్మమును కాల్చును. ఏండ్ల తరబడి ఆ పని చేసినవారి వ్రేళ్లపై గట్లు అరిగిపోవును. సున్నము, సిమెంటు పనిచేయువారికిని, వృద్ధులకును ఇట్లే జరుగును. గట్టు లేనిచోట పల్లము లేదు. కాంతితో చూచినను, ధారణశక్తితో చూచినను చదువుటకు అక్షరము లేదు. వ్రేలున్నదని తాకుడు మీట సాక్ష్యమిచ్చుచునే యున్నది. ఎవరిదో చెప్పుటకు ముద్ర మాత్రము మిగులలేదు. ఆమె బ్రతుకుతెరువే ఆమె ముద్రను చెరిపివేసినది. ఇందు ఆమె తప్పేమియు లేదు.

ఇట్టివారికి మార్గము లేకపోలేదు. ఆధార్ విధానమున వ్రేలిముద్రయే గాక కనుపాప, ముఖము, ఫోనుకు వచ్చు సంకేత సంఖ్య ద్వారా కూడ గుర్తింపు జరుపవచ్చును. పది వ్రేళ్లలో ఏది బాగుగ చదువబడునో ముందుగ తెలిసికొనవచ్చును. ముద్రలను మరల నమోదు చేయించుకొనవచ్చును. సాంకేతిక కారణముచే ధ్రువీకరణ విఫలమైనంత మాత్రమున అర్హులకు లబ్ధిని నిరాకరింపరాదని భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2017 అక్టోబరులో ప్రభుత్వ శాఖలకు స్పష్టము చేసియున్నది. నేను చూచిన వృద్ధురాలిని తుదకు కనుపాప ద్వారా గుర్తించి పింఛను చేతికిచ్చిరి. ఆ మార్గమును మొదటనే త్రొక్కియున్నచో ఆమె అంతసేపు నిలువనక్కరలేకపోయెడిది.

చూపు లేనివారి మాట

నున్నని అద్దముపై మీట ఎచటనున్నదో తడిమి తెలిసికొనుట అసాధ్యము. తడిమిన ప్రతిచోటను మీట పలుకును. చూపు లేనివారికి ఇది పెద్ద అడ్డంకి. బ్యాంకుల ఏ.టి.ఎం. యంత్రములందు ఒత్తెడి మీటలు నేటికిని ఉండుటయు, నడుమనున్న 5 అంకెపై చిన్న బొడిపె ఉండుటయు వారి కొరకే. 2014 జూలై నుండి నెలకొల్పు క్రొత్త ఏ.టి.ఎం.లు మాటలాడునవిగను, బ్రెయిలీ మీటలు కలవిగను ఉండవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజోపయోగ వసతులన్నియు వారికి అందుబాటులో నుండవలెనని నిర్దేశించుచున్నది. తాకుడు మీటల యంత్రమును కొనునపుడు ప్రతి మీట చుట్టు ఉబ్బెత్తు అంచు, తాకినపుడు ధ్వని ఉండునట్లు కోరుట పంచాయతీ విధి.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

మంచినీటి కేంద్రమునకు గాని, కార్యాలయమునకు గాని ఇట్టి యంత్రమును కొనవలసి వచ్చినపుడు ఈ క్రింది విషయములను విచారింపుడు.

1. యంత్రము నిలుపుచోటు ఎట్టిది? వానజల్లు పడుచోటనైనచో తడి పలకపై పనిచేయు రకమేనా యని అడుగుడు. కానిచో ఒత్తెడి మీటలే మేలు.

2. పలక గాజుదా, ప్లాస్టిక్కుదా? నడుమ గాలి సందు లేకుండ అంటించబడినదా?

3. తాకినపుడు ధ్వనియు, వెలుగును వచ్చునా? చూపు లేనివారికి ఉబ్బెత్తు గుర్తులున్నవా?

4. పలక పగిలినచో విడిగ దొరకునా? ఎన్ని దినములలో మార్చెదరు? ఈ మాటలను కాగితముపై వ్రాయించుకొనుడు.

5. సొమ్ము చెల్లించుటకు ముందు గ్రామస్థులచే పరీక్షింపజేయుడు. తడిచేతి మత్స్యకారునిచే, కాయ కాచిన చేతి రైతుచే, జీడి పనిచేసిన స్త్రీచే, చూపు లేనివానిచే తాకించుడు. అమ్మకపువాని మెత్తని వ్రేలికి పలికినంత మాత్రమున యంత్రము మంచిదని నిర్ణయింపరాదు.

యంత్రము వ్రేలిని గుర్తింపనపుడు, "నీ వ్రేలు బాగులేదు" అని మనిషిని వెనుకకు పంపుట సులభము. కాని గాజు మందమును, గాలి సందును, నీటి పొరను, అరిగిన గట్లను ఎరిగిన పంచాయతీ సభ్యుడు అట్లనడు, "యంత్రమునకు మరియొక మార్గమేమి?" అని అడుగును. వచ్చు నెల పింఛనునాడు మీ గ్రామమున ఎవరి వ్రేలిముద్ర పడుట లేదో ముందుగనే విచారించి జాబితా వ్రాసియుంచుడు. వారికి వేరొక మార్గమును మొదటనే చూపునట్లు ఉద్యోగులకు తెలుపుడు. ఇందుకు ఒక కాగితము, ఒక పూట సమయము చాలును.